అమెరికా పగటి ధారావాహికల క్షీణత – ఒక పరిశీలన

ధారావాహిక యనగానే మన పెద్దలకు వారపత్రికలలో వెలువడు నవల స్ఫురించును. అమెరికాలో ఆ పేరునకు మిక్కిలి తగిన ప్రక్రియ రేడియోలో పుట్టి, టెలివిజన్‌లో పెరిగి, నేడు కృశించియున్నది. సబ్బుల వర్తకులు పోషించుటచేత దానికి ‘సోప్ ఆపెరా’ యను ఎగతాళి పేరు వచ్చెను. కాని ఎగతాళి విమర్శ కాజాలదు. లక్షలాది గృహిణులకు మధ్యాహ్నవేళ తోడుగా నిలిచిన ప్రక్రియ యేల క్షీణించెనో విచారించుట మనకును ప్రయోజనకరమే.

సబ్బుల తయారీలో ప్రసిద్ధిగాంచిన ప్రాక్టర్ అండ్ గాంబుల్ సంస్థ పోషణలో ‘మా పెర్కిన్స్’ 1933లో రేడియోలో ప్రారంభమై 1960 వరకు నడిచెను. ఇర్నా ఫిలిప్స్ అను రచయిత్రి సృష్టించిన ‘గైడింగ్ లైట్’ 1937 జనవరి 25న రేడియోలో మొదలై, 1952లో టెలివిజన్‌కు వచ్చి, 2009 సెప్టెంబరు 18న ముగిసెను. డెబ్బదిరెండేండ్లు ఒకే కథ సాగుట సామాన్యము కాదు. తొలుత దినమునకు పదునైదు నిమిషములుగా నున్న ఆ కథ 1968లో అరగంటకును, 1977లో గంటకును పెరిగెను.

ఈ ప్రక్రియకు ప్రాణము కాలము. నవలాకారుడు ఇరువదేండ్లను ఒక వాక్యములో దాటింపగలడు. ఇచ్చట ఇరువదేండ్లు నిజముగనే గడువవలెను. 1956లో ‘యాజ్ ది వరల్డ్ టర్న్స్’ తొలి ప్రసారములో నాన్సీ పాత్ర ధరించిన హెలెన్ వాగ్నర్, నడుమ విరామములున్నను, 2010లో కన్నుమూయు వరకు ఆ పాత్రయందే యుండెను. ప్రేక్షకులామెతోపాటు వృద్ధులైరి. ఇట్టి చనువు బోధకును ఉపకరించెను. 1962లో ఆగ్నెస్ నిక్సన్ ‘గైడింగ్ లైట్’లో గృహిణియగు ఒక పాత్రకు గర్భాశయపు క్యాన్సర్ సోకినట్లు చూపి, స్త్రీలను ముందస్తు పరీక్షకు పురికొల్పెను. ‘క్యాన్సర్’, ‘గర్భాశయము’ అను మాటలు పలుకరాదను నిబంధన నడుమనే ఆమె ఈ కార్యము సాధించుట గమనింపదగినది.

క్షీణతకు సామాన్యముగా చెప్పబడు కారణములు మూడు: స్త్రీలు ఉద్యోగములకు పోవుట, ఛానళ్ళు పెరుగుట, 1995లో ఓ. జె. సింప్సన్ హత్యకేసు విచారణ ప్రసారములు నెలల తరబడి ఈ కథలకు అంతరాయము కలిగించుట. ఇవి సత్యములే. కాని ప్రక్రియలోని దోషమును కూడ చెప్పవలెను. 1981 నవంబరులో ‘జనరల్ హాస్పిటల్’లో జరిగిన ల్యూక్, లారాల వివాహమును సుమారు 3 కోట్ల మంది చూచిరి. 1979లో తన్ను బలాత్కరించినవానినే ఆ నాయిక పెండ్లాడుట నీతిదృష్టితోనే గాక కథాదృష్టితోను లోపమే. ఆ విజయమును చూచి తక్కినవారును సాహసములను, అపహరణములను, అట్టహాసపు వివాహములను వెదకుకొనిరి. వంటయింటి సంభాషణ పలుచబడెను. అద్భుతములకు సినిమా యుండగా, ఈ ప్రక్రియ తనకే చెల్లిన నిదానమును చేజేతుల వదలుకొన్నది.

2010లో ‘యాజ్ ది వరల్డ్ టర్న్స్’, 2011లో ‘ఆల్ మై చిల్డ్రన్’, 2012లో ‘వన్ లైఫ్ టు లివ్’ ప్రధాన ఛానళ్ళనుండి నిష్క్రమించెను. తక్కువ వ్యయముతో తయారగు వంటల, ముచ్చట్ల కార్యక్రమములు వాని స్థానమును పొందెను. 2022లో ‘డేస్ ఆఫ్ అవర్ లైవ్స్’ ఇంటర్నెట్ ప్రసారమునకు తరలిపోయెను. 2025లో ‘బియాండ్ ది గేట్స్’ అను క్రొత్త ధారావాహిక ప్రారంభమగుటచే ప్రక్రియ మృతి చెందినదని యనజాలము. పూర్వవైభవము మాత్రము లేదు.

నా అభిప్రాయమున అసలు నష్టము పరంపర తెగుటయే. బడినుండి వచ్చిన బిడ్డ తల్లి ప్రక్కన కూర్చుండి, “ఈమె యెవరు? అతనికేల కోపము?” అని యడుగును, తల్లి పదేండ్లనాటి కథ చెప్పును. క్రొత్త ప్రేక్షకులిట్లే తయారైరి. తల్లి ఉద్యోగమునకు పోవుట శుభమే. కాని పగటివేళ ఆ ఆసనము శూన్యమైనప్పుడు ఒక ప్రేక్షకురాలే గాక, రాబోవు ప్రేక్షకురాలు కూడ లేకపోయెను. రికార్డు చేసికొని రాత్రి ఒంటరిగా చూచువారికి ప్రశ్న వేయువారుండరు.

మన దేశమున 1994లో దూరదర్శన్ ప్రసారము చేసిన హిందీ ‘శాంతి’ మొదలు దినసరి ధారావాహికలు ప్రబలినవి. బళ్ళారి, హోసూరు, బరంపురము, షోలాపురము వంటి పట్టణములలోని మన యిండ్లకు తెలుగు ధారావాహిక కేవలము కాలక్షేపము కాదు. పొరుగుభాషలో చదివి, పొరుగుభాషలో ఆడుకొను బిడ్డకు, బామ్మ ప్రక్కన వినబడు ఆ అరగంట తెలుగు గణనీయమైనది. ఆ తెలుగు ఎట్టిదను విచారమును అవసరమే. హిందీ ‘బాలికా వధు’ మనకు ‘చిన్నారి పెళ్ళికూతురు’గా వచ్చినట్టి అనువాదములలో, పరభాషా నటుల పెదవుల కదలికకు లోబడి మన వాక్యము వంకరపోవుట కలదు. తరగతిలో పిల్లల వ్యాసములందు అట్టి వాక్యములను నేను దిద్దుచునే యున్నాను. అయినను వినని తెలుగును దిద్దుట అసాధ్యము.

కావున పెద్దలు ధారావాహికను నిరసించి పిల్లలను వేరొక గదికి పంపుటకంటె, ప్రక్కన కూర్చుండబెట్టుకొని, జరిగిన కథను తెలుగులో చెప్పించుట మేలు. నటులు చెప్పిన మాట బాగులేనిచో, మన యింట దానిని ఎట్లందుమో బామ్మయే చెప్పగలదు. పాఠశాలలో వారమునకు కొన్ని గంటలు మాత్రమే లభించు మాబోటి ఉపాధ్యాయులకు ఇంతకుమించిన సాయము లేదు.