లండన్‌లో పల్నాటి రాయి

కొడుకు ఉద్యోగమనో కూతురి పురుడనో బెజవాడ నుంచి లండన్ వెళ్లే పెద్దవాళ్లు ఇప్పుడు తక్కువేం లేరు. శని, ఆదివారాల్లో పిల్లలు ఊరు చూపిస్తారు. పెద్ద గడియారం, రాజుగారి కోట, థేమ్స్‌లో పడవ, మధ్యలో ఓ గంట బ్రిటిష్ మ్యూజియం. రోసెట్టా రాయి ముందొక ఫొటో, మమ్మీల దగ్గర ఇంకోటి. ఆపైన మోకాళ్లు మొరాయిస్తాయి, అందరూ కాఫీకి బయటపడతారు. కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతి స్తూపం నుంచి వెళ్లిన రాళ్లు అదే భవనంలో, 33ఎ గదిలో ఉన్నాయన్న సంగతి చాలామందికి చెప్పేవాళ్లే ఉండరు.

ఏ మ్యూజియానికి వెళ్లినా నేను చూసేది ఒక్క గదే. మిగతావి దారిలో తగిలితే పలకరించి దాటిపోతాను. మా ఆవిడ దీన్ని పిసినారితనం అంటుంది. టిక్కెట్టే లేని బ్రిటిష్ మ్యూజియంలో పిసినారితనమేమిటో!

33ఎ గదిలో గాలినీ తేమనూ అదుపులో ఉంచుతారు. పేరుకు అమరావతి పాలరాళ్లే గానీ నిజానికి అది పల్నాటి సున్నపురాయి. నగరపు పొగకు తట్టుకోలేదు. లోపలికి వెళ్లాక అన్నీ చుట్టేయకుండా బుద్ధుడి పుట్టుక చెక్కిన పలక ముందు ఆగాలి. మాయాదేవి కల, ఆ కలకు పండితులు అర్థం చెప్పడం, జననం, బిడ్డను కులదేవత ముందుకు తేవడం, నాలుగు ఘట్టాలూ ఆ ఒక్క రాతిలోనే ఉంటాయి. చదువుకున్న అలవాటుతో ఎడమ నుంచి మొదలుపెడితే కథ తికమకవుతుంది. పై కుడి మూల, రాణి పడుకుని ఉన్నచోట మొదలుపెట్టాలి. ఇక పుట్టిన బిడ్డ కోసం వెతికితే దొరకడు. దేవతలు పట్టుకున్న గుడ్డ మీద బుల్లి పాదాల గుర్తులుంటాయి, అంతే. అవి కంటపడాలంటే పలక ముందు కాసేపు నిలబడాల్సిందే.

ఇంకో పలకకు రెండు వైపులా బొమ్మలే. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో, బోధివృక్షం కింద ఖాళీ ఆసనానికి మొక్కే జనాన్ని ఒకవైపు చెక్కారు. క్రీస్తుశకం 3వ శతాబ్దంలో, పాత చీర మడత తిరగేసి బొంత కుట్టినట్టు, అదే రాతిని తిప్పి రెండో వైపు ఏకంగా స్తూపాన్నే చెక్కేశారు. స్తూపం పోయింది. అదెలా ఉండేదో చెప్పడానికి ఆ పొదుపరి శిల్పి పని మిగిలింది. ఈ పలక చుట్టూ తిరిగి రెండో వైపు కూడా చూడాలి.

ఇవి అక్కడికి చేరిన కథలో మంచివాళ్లూ చెడ్డవాళ్లూ విడివిడిగా దొరకరు. 18వ శతాబ్దం చివర రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త ఊరు కడుతూ, రాయి కోసం దీపాలదిన్నె అనే ఆ స్తూపపు దిబ్బను తవ్వించాడు. కొన్ని శిల్పాలు సున్నంబట్టీల్లోకి పోయాయి. కబురందుకుని వచ్చిన కాలిన్ మెకంజీ బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి పలకల్ని మద్రాసుకు పంపితే, అక్కడ అవి ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిశాయి. 1859లో ఓడెక్కాయి. లండన్‌లోనైనా నెత్తిన పెట్టుకున్నారా అంటే, 1867లో జేమ్స్ ఫెర్గూసన్‌కు అవి కనిపించింది బండ్ల కొట్టంలో. బ్రిటిష్ మ్యూజియానికి 1880లో చేరాయి. ఈ గది తెరిచింది 1992లో. దొరలు కాపాడారనే మాటా, దొరలు ఎత్తుకుపోయారనే మాటా ఈ వరసలో ఏదో ఒక ముక్కను వదిలేస్తాయి. నా మట్టుకు నాకు ఆ రాళ్లు తిరిగి వస్తే సంతోషమే. ఎగ్మూరు మ్యూజియంలో ఉన్న పెద్ద వాటాను చూడటానికి మనవాళ్లు ఎంతమంది చెన్నై వెళ్లారని మాత్రం అడగబుద్ధేస్తుంది.

అందుకే విమానం ఎక్కేముందు అమరావతి వెళ్లమంటాను. బెజవాడ నుంచి బస్సుంది. అమరేశ్వరుడి దర్శనం చేసుకుని చాలామంది అటునుంచటే వచ్చేస్తారు. ఇంకాస్త నడిస్తే ఇటుకల దిబ్బ, దగ్గర్లోనే పురావస్తు శాఖ మ్యూజియం. అందులోని స్తూపం నమూనా చూసి ఉంటే, లండన్‌లో ఏ పలక ఎక్కడ అతికేదో ఊహకు అందుతుంది. దిబ్బ చూడనివాళ్లకు 33ఎలో అందమైన రాళ్లు కనిపిస్తాయి. చూసినవాళ్లకు దిబ్బకు లేనిదేమిటో కనిపిస్తుంది. ఆ మాత్రం తీరిక లేకపోతే బందరు రోడ్డు మీది బాపు మ్యూజియానికైనా వెళ్లి, అల్లూరు నుంచి తెచ్చిన తెల్లరాతి బుద్ధుణ్ని చూసి రండి.

పిల్లలకు సెలవు శని, ఆదివారాలే అంటారా? శుక్రవారం ఆఫీసు కాగానే అటే రమ్మనండి, ఆ రోజు మ్యూజియం రాత్రి 8.30 దాకా ఉంటుంది. 33ఎ గదిని ఒక్కోసారి మూసేస్తుంటారు, బయల్దేరే ముందు కనుక్కోవాలి. రోసెట్టా రాయితో ఫొటో తప్పదనుకుంటే దానికి శనివారం ఉండనే ఉంది.