బస్తా తడవనివ్వని చేతులు

తెలంగాణలోని నారాయణఖేడ్‌కు సముద్రం చాలా దూరం. అయినా బంగాళాఖాతంలో వాయుగుండం బలపడిందంటే ఇక్కడి హమాలీలకూ లారీ డ్రైవర్లకూ క్షణం తీరిక ఉండదు. 2025 అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా తుపాను మరునాడు తెలంగాణను కూడా తడిపేసింది. వరి కోతలు, పత్తి తీతలు సాగే కాలమది.

తుపాను వస్తుందంటే ఓడరేవుల్లో ప్రమాద సూచికలు ఎగరేస్తారు, రైల్వే శాఖ రైళ్లను ఆపేస్తుంది. పంట కొనుగోలు కేంద్రం దగ్గర మాత్రం ఆ జాగ్రత్తంతా మనుషుల చేతుల మీదే నడుస్తుంది. నేల చెమ్మ తగలకుండా అడుగున చెక్క దిమ్మెలు వేస్తారు. నీరు నిలవకుండా బస్తాలను నడుమ ఎత్తుగా పేరుస్తారు. లారీ మీద ముందు టార్పాలిన్ అంచు వెనకదాని మీదికి వచ్చేలా కప్పుతారు. లేదంటే పరుగులో గాలి దూరి, దాని వెంట వాన దూరుతుంది. తాడు బిగింపులో పొరపాటుకు తావివ్వరు.

ధాన్యంలో తేమ 17 శాతం, పత్తిలో 12 శాతం దాటితే మద్దతు ధరకు కొనరు. ఒక్క అంచు లేచినా రైతు ఆరు నెలల కష్టం నీళ్లపాలవుతుంది.

ఇది చదువులు నేర్పని నైపుణ్యం. తుపాను వేళ ఈ పని చేసేవారికి కూలి పూర్తిగా, వెంటనే చెల్లించండి. మన అన్నం కాపాడుతున్నది వాళ్లే.