సంత ఎవరిది? - ఓపెన్ సోర్స్ ఉపమానంపై ఒక విమర్శ

ఎరిక్ రేమండ్ రాసిన "ది కెథీడ్రల్ అండ్ ద బజార్" అనే వ్యాసాన్ని 1997లో జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో జరిగిన లినక్స్ సదస్సులో మొదట చదివారు. 1999లో అది పుస్తకంగా వచ్చింది. నెట్‌స్కేప్ సంస్థ తన బ్రౌజర్ సోర్స్ కోడ్‌ను బయట పెట్టాలని 1998లో నిర్ణయించినప్పుడు, ఈ వ్యాసాన్ని కూడా ఒక ప్రేరణగా పేర్కొంది. కంప్యూటర్ల గురించిన ఇటువంటి రచనతో సాహిత్య విద్యార్థులకేం పని అనే ప్రశ్న సహజమే. ఈ వ్యాసానికి బలం సాంకేతిక వాదంలో కంటే అందులోని ఉపమానంలో ఎక్కువగా ఉన్నది. ఒక ఉపమానం దేన్ని చూపిస్తున్నదో, దేన్ని మరుగుపరుస్తున్నదో తేల్చడం సాహిత్య విద్యార్థి పనే. పైగా ఈ ఉపమానం చెప్పేది ఏ పనిముట్ల గురించో, ఆ పనిముట్ల మీదనే నేడు మనం తెలుగు రాస్తున్నాం, చదువుతున్నాం.

రేమండ్ చెప్పే కెథీడ్రల్ అంటే క్రైస్తవుల మహాదేవాలయం. కొద్దిమంది నిపుణులు తెర వెనుక ఏళ్ల తరబడి పనిచేసి, అంతా పూర్తయిన తర్వాతే జనానికి చూపిస్తారు. బజారు అంటే సంత. అక్కడికి ఎవరైనా రావచ్చు, తమ సరుకు పరచుకోవచ్చు. చూడడానికి గందరగోళంగా ఉన్నా బేరం సాగుతుంది. 1991లో లినస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ ఈ సంత పద్ధతిలో పెరిగిందనీ, చాలామంది పరిశీలిస్తారు కనుక లోపాలు త్వరగా బయటపడతాయనీ రేమండ్ వాదన.

దేవాలయమంటే వ్యాపార సంస్థలనీ, సంతంటే స్వేచ్ఛాప్రియులనీ చాలామంది అర్థం చేసుకున్నారు. అది సరికాదు. దేవాలయ పద్ధతికి రేమండ్ చూపిన ఉదాహరణల్లో, కోడ్‌ను అందరికీ ఇచ్చే గ్నూ ప్రాజెక్టు వారి ప్రోగ్రాములే ఉన్నాయి. కాబట్టి ఈ వ్యాసం మాట్లాడేది శ్రమను ఎలా కూడగట్టాలి అన్న విషయం. హక్కుల మాట దాని పరిధిలో లేదు. ఈ తేడాను గమనించకపోతే తర్వాతి చరిత్ర అర్థం కాదు.

హక్కుల మాట ఎత్తినవాడు రిచర్డ్ స్టాల్‌మన్. 1980 ప్రాంతంలో ఎమ్.ఐ.టి. ప్రయోగశాలకు కొత్త ప్రింటరు వచ్చింది. కాగితం ఇరుక్కుంటే కబురు చెప్పేటట్టు అతడు పాత ప్రింటరు ప్రోగ్రామును మార్చుకున్నాడు. కొత్తదానికి సోర్స్ కోడ్ ఇవ్వలేదు గనుక ఆ మార్పు సాధ్యం కాలేదు. వాడేవాడి చేతిలో నుంచి పనిముట్టు జారిపోయిందని అతడు గ్రహించాడు. 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. వాడుకోవడం, పరిశీలించి మార్చుకోవడం, పంచడం, మార్చినదాన్ని పంచడం అనే హక్కులను 1989 నాటి గ్నూ లైసెన్సు చట్టబద్ధం చేసింది. 1998లో క్రిస్టీన్ పీటర్సన్ సూచించిన "ఓపెన్ సోర్స్" అనే పేరు ముందుకు వచ్చింది. ఇంగ్లీషులో "ఫ్రీ" అంటే ఉచితమనే అర్థం కూడా వస్తుందనీ, వ్యాపారవర్గాలు బెదురుతాయనీ చెప్పి ఆ పేరు మార్చారు. తెలుగుకు ఆ చిక్కు లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే సంస్థ "స్వేచ్ఛ" అనే పేరే పెట్టుకున్నది. అయినా మన వాళ్లు ఎక్కువగా "ఫ్రీగా వస్తుంది" అన్న అర్థంలోనే ఈ సాఫ్ట్‌వేర్‌ను తలచుకోవడం విచారకరం.

ఇక ఉపమానానికి వద్దాం. మన ఊళ్ల సంత తెలిసినవారికి ఇందులోని లోటు ఇట్టే తెలుస్తుంది. సంతలో అందరికీ ఒకే చోటు దొరకదు. బండి కట్టుకొని తెల్లవారేసరికి చేరినవాడు నడిమధ్యన కూర్చుంటాడు. గంప నెత్తిన పెట్టుకొని నడిచి వచ్చిన ఆమె అంచున కూర్చుంటుంది. ఇద్దరూ ఆశీలు కట్టాలి. సాఫ్ట్‌వేర్ సంతలో ఆశీలు లేదంటారు గాని, ఉంది. ఇంగ్లీషు రావాలి, సొంత కంప్యూటరు కావాలి, జీతం రాని పనికి వెచ్చించగల తీరిక కావాలి. 2017లో గిట్‌హబ్ జరిపిన సర్వేలో ఓపెన్ సోర్స్ పనిలో ఉన్నట్టు జవాబిచ్చినవారిలో నూటికి 95 మంది పురుషులు, స్త్రీలు ముగ్గురే. తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన అందరూ లోపలికి వచ్చినట్టు కాదు.

ఉపమానం దాచిన రెండో విషయం, సంత ముగిశాక ఊడ్చేవారి సంగతి. ఇంటర్నెట్‌లో రహస్య సమాచారాన్ని కాపాడే ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అనే ప్రోగ్రాములో "హార్ట్‌బ్లీడ్" అనే లోపం 2012 నుంచి ఉండి, 2014 ఏప్రిల్‌లో గాని బయటపడలేదు. కోడ్ అందరికీ కనబడుతూనే ఉన్నది. దాన్ని వాడే సంస్థలకు లెక్కలేదు, చూసుకునేవారు మాత్రం వేళ్ల మీద లెక్కించదగినవారు. 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం ఇంకా గట్టి పాఠం. అలసిపోయిన ఒకే ఒక్క నిర్వాహకుడికి సాయం చేస్తానని వచ్చిన అజ్ఞాతవ్యక్తి, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి దొడ్డిదారి ఒకటి అమర్చాడు. లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యమెందుకవుతున్నదని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయడం వల్ల అది దొరికింది. ఆయన ఆరా తీయగలిగింది కోడ్ తెరిచి ఉన్నందువల్లనే. ఇది రేమండ్‌కు అనుకూలం. కాని చూసే అవకాశం వేరు, చూసే బాధ్యత వేరు. ఆ బాధ్యత ఎవరి మీద, ఎవరి ఖర్చుతో పడుతున్నదో ఉపమానం చెప్పదు.

అయితే మూసిపెట్టడమే మేలని దీని తాత్పర్యం కాదు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞ" సంయుక్తాక్షరంతో కూడిన ఒక అక్షరక్రమం తెర మీదకు రాగానే ఐఫోన్లలో ప్రోగ్రాములు కుప్పకూలాయి. తప్పు అక్షరాలను పేర్చే ప్రోగ్రాముది. లోకమంతటా వినబడింది మాత్రం తెలుగు అక్షరం ఫోన్లను పాడుచేస్తున్నదనే మాట. ఆ కోడ్‌ను సంస్థ బయటివారు సరిదిద్దలేరు గనుక, కొద్ది రోజులకు సంస్థ సవరణ పంపేదాకా తెలుగువారు వేచి ఉండవలసి వచ్చింది. ఆండ్రాయిడ్‌లోను, ఫైర్‌ఫాక్స్‌లోను, లిబ్రే ఆఫీసులోను ఇదే పని చేసే హార్ఫ్‌బజ్ అనే ప్రోగ్రాము తెరిచి ఉన్నది. అందులోనూ తప్పులు దొర్లవచ్చు. కాని ఆ తప్పును ఎత్తిచూపే చోటు, దిద్దే హక్కు మనకు కూడా ఉన్నాయి.

తెలుగు లిపి ఈ రెండు దారుల్లోనూ నడిచింది. యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు చోటు దొరికినా, పత్రికలు, అచ్చుపనివారు చాలాకాలం ఎవరి ఫాంటు సంకేతాలు వారు వాడుకున్నారు. ఆ ఫాంటు లేకపోతే వ్యాసమంతా అర్థంలేని గీతలే. అలా రాసిన పేజీలను యూనికోడ్‌లోకి మార్చే "పద్మ"ను నాగార్జున వెన్న తయారు చేశారు. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఫాంట్లను ఉచితంగా అందించారు. నేడు గిడుగు, గురజాడ, సురవరం, ధూర్జటి పేర్లతో ఉన్న ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద దొరుకుతున్నాయి. ఇవన్నీ సంత పద్ధతికి గర్వించదగిన ఫలితాలు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్.టి.ఎస్. పద్ధతి కూడా ఆ కోవలోదే. కాని దాని స్వభావాన్ని విమర్శించక తప్పదు. తెలుగు రాయదలచినవాడికి ముందు ఇంగ్లీషు అక్షరాలు బాగా వచ్చి ఉండాలన్నది దాని ఊహ. తయారుచేసినవారికి అది సహజం. బరంపురంలో ఒడియా మాధ్యమంలో చదివిన తెలుగు అమ్మాయికి కాదు. దానమిచ్చినవాడి అవసరమే దానవస్తువు రూపాన్ని నిర్ణయించింది.

రాష్ట్రం వెలుపలి తెలుగువారికి ఎక్కువ ఉపకారం చేసినది సంతలో పుట్టినది కాకపోవడం గమనార్హం. 1980లలో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రామాణీకరించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో, మన లిపులన్నింటిలోనూ ఒకే ధ్వనికి ఒకే మీట. కన్నడంలో టైపు చేయడం నేర్చిన బళ్ళారి విద్యార్థి వేళ్లకు తెలుగు కూడా వచ్చినట్టే. 1988 నాటి ఇస్కీ ప్రమాణపు అక్షరక్రమాన్ని యూనికోడ్ స్వీకరించింది. అందువల్ల ఒడియా క సంఖ్య 2837, తమిళ క 2965, తెలుగు క 3093, కన్నడ క 3221. ఒక్కొక్క లిపికి మధ్య దూరం సరిగ్గా 128. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడం మాత్రమే చదివినవారికి, తెలుగు పుస్తకాన్ని కన్నడ లిపిలో చూపించడం ఈ లెక్కతో చాలావరకు సాధ్యం. ఒక నిపుణ బృందం ముందుచూపుతో కట్టిన దేవాలయమిది. కాని దాని ప్రమాణం ప్రచురితమై ఉన్నందువల్లనే ఎవరైనా దాని మీద పనిముట్టు తయారు చేయగలుగుతున్నారు.

ఆ లెక్క ఆగిపోయే చోటు కూడా ఉంది. తమిళంలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. తమిళ లిపిలో రాసుకున్న తెలుగు మాటను తెలుగు లిపిలోకి తేవాలంటే కూడిక చాలదు, ఆ మాట తెలిసిన మనిషి కావాలి. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత బళ్లలో తెలుగు చదువుకు చోటు కుదించుకుపోతున్న హోసూరు ప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు. షోలాపురం పద్మశాలీల ఇళ్లలోని మగ్గం మాటలు, యానాం వాడుకలు పత్రికల భాషతో తయారైన పదపట్టికలకు తెలియకపోతే, కంప్యూటరు వాటి కింద ఎర్రగీత గీస్తుంది. పిల్లవాడు తన ఇంటి మాట తప్పు కాబోలనుకుంటాడు. నిత్యం వాడే వస్తువులోని రాజకీయం అంటే ఇదే. చట్టం, శాసనం ఏమీ లేకుండానే ఎవరి తెలుగు తెలుగో అక్కడ తేలిపోతుంది.

కోడ్ తెరిచి ఉన్నచోట ఆ తీర్పును మార్చవచ్చు. అందుకు అందరూ ప్రోగ్రాములు రాయనక్కర లేదు. విక్షనరీలో తమ ఊరి మాటలను అర్థంతో చేర్చడం, తప్పు కనబడిన చోట వివరంగా తెలియజేయడం, మెనూలలోని కృతక అనువాదాలను మార్చడం భాషావిద్యార్థులు చేయగల పనులు. అయితే ఇదంతా విద్యార్థుల తీరిక మీదనే వదిలేస్తే రేమండ్ పొరపాటునే మనమూ చేసినవాళ్లమవుతాం. విశ్వవిద్యాలయ శాఖలు ఈ పనిని పరిశోధనగా గుర్తించి మార్కులు, వేతనాలు ఇవ్వాలి. రేమండ్ సంతను చక్కగా వర్ణించాడు, ఆశీలును, ఊడ్పును లెక్కలో వేయలేదు. ఆ లెక్క పూర్తి చేయవలసినవారిలో, అంచున కూర్చున్న మనమూ ఉన్నాం.