కదలని బొమ్మల నటన

పిక్సార్ యానిమేషన్ సినిమా ‘టాయ్ స్టోరీ 3’ మొదట్లో ఒక చిన్న సన్నివేశం ఉంది. పదిహేడేళ్ల ఆండీ కాలేజీకి బయలుదేరబోతున్నాడు. ఏళ్ల తరబడి పెట్టెలో పడివున్న అతని బొమ్మలు అతని సెల్‌ఫోన్ దొంగిలించి, తమ దగ్గర దాచుకుని, ఇంకో ఫోన్ నుంచి దానికి కాల్ చేస్తాయి. రింగు విని ఆండీ వస్తాడు, మూత తీస్తాడు. రెక్స్ అనే డైనోసార్ బొమ్మ చేతిలోంచి ఫోన్ తీసుకుని, బొమ్మను మళ్లీ పెట్టెలో పడేసి వెళ్లిపోతాడు. ఒక్క క్షణమైనా తనను పట్టుకున్నాడని రెక్స్ పొంగిపోతుంది.

ఆ బొమ్మలు ఎంత ఆశపడ్డాయో మనకు తెలుసు. అయినా ఆండీ చూస్తున్నంతసేపూ వాటి ముఖాల్లో ఒక్క రేఖ కూడా మారదు. మనుషుల కంట పడితే కదలకూడదన్నది ఆ లోకపు కట్టుబాటు. 1995లో వచ్చిన మొదటి భాగంలో సిడ్ అనే కుర్రాడికి బుద్ధి చెప్పడానికి దాన్ని ఒకసారి దాటాయి. మూడో భాగంలో ఆ కట్టుబాటే కథకు ప్రాణం. పిల్లవాడు పెద్దవాడైపోతుంటే బొమ్మ ఆపలేదు, పిలవలేదు. యానిమేషన్ అంటే కదలికే అనుకుంటాం. లీ అంక్రిచ్ దర్శకత్వంలో 2010 జూన్‌లో విడుదలైన ఈ సినిమా నన్ను పట్టి కుదిపింది మాత్రం కదలిక ఆగిన చోట్లే. అది దానంతటది కుదిరింది కాదు, దాని వెనక చాలాకాలపు విద్య ఉంది.

ఆ విద్య డిస్నీ స్టూడియోలో పెన్సిలుతో బొమ్మలు గీసినవాళ్లది. వాళ్లలో ఇద్దరు, ఫ్రాంక్ థామస్, ఒల్లీ జాన్‌స్టన్, 1981లో ప్రచురించిన ‘ది ఇల్యూజన్ ఆఫ్ లైఫ్’లో పన్నెండు సూత్రాలు వివరించారు. ఎగరబోయేవాడు ముందు మోకాళ్లు వంచాలి. నేలకు తగిలిన బంతి అణగాలి, లేచేటప్పుడు సాగాలి, కానీ దాని పరిమాణం తగ్గినట్టు కనబడకూడదు. చదువుతుంటే భౌతికశాస్త్ర పాఠాల్లా ఉంటాయి గానీ, వాటి గురి అభినయం మీదే. పాత్ర ఆలోచించి కదులుతోందని చూసేవాడికి అనిపించాలి. 1987లో పిక్సార్ యానిమేటర్ జాన్ లాసెటర్ ఈ సూత్రాలు కంప్యూటర్ యానిమేషన్‌కు ఎలా పనికొస్తాయో చెబుతూ ఒక పత్రం రాశాడు. అంతకు ముందు ఏడాదే పిక్సార్‌లో ‘లక్సో జూనియర్’ అనే పొట్టి చిత్రం తీసి చూపించాడు. అందులో పాత్రలు రెండు టేబుల్ లైట్లు. కళ్లు లేవు, నోరు లేదు. అయినా ఏది పెద్దదో ఏది పిల్లదో, పిల్లదాని అల్లరికి పెద్దది ఎలా తల పంకిస్తోందో ఇట్టే తెలుస్తుంది.

పిక్సార్ తీసిన మరో పొట్టి చిత్రం, 1988 నాటి ‘టిన్ టాయ్’కి ఆస్కార్ వచ్చింది. అందులో రేకు బొమ్మ ముచ్చటగా ఉంటుంది, దాన్ని వేధించే పసిపాప మాత్రం చూడ్డానికి ఇబ్బందిగా ఉంటుంది. ఆనాటి కంప్యూటర్లకు నున్నటి గట్టి వస్తువులు లొంగాయి, చర్మమూ జుట్టూ లొంగలేదు. పిక్సార్ తొలి పూర్తి నిడివి సినిమా ‘టాయ్ స్టోరీ’కి బొమ్మల కథ అంత చక్కగా అమరడానికి ఇదొక కారణం. లాట్సో అనే బొచ్చు ఎలుగుబంటిని ఆ మొదటి భాగంలోనే పెట్టాలనుకుని, అలాంటి బొచ్చు చూపించడం చేతకాక మానుకున్నారు. పదిహేనేళ్ల తర్వాత అతను ప్రతినాయకుడై వచ్చాడు.

ఈ సినిమాల్లో ప్రతి బొమ్మా తనను దేనితో చేశారో దాన్నిబట్టే నడుస్తుంది. కౌబాయ్ బొమ్మ వుడీ ఒళ్లు గుడ్డ, అందుకే కాళ్లూ చేతులూ వేలాడేసుకుంటూ పరిగెత్తుతాడు. వ్యోమగామి బొమ్మ బజ్ గట్టి ప్లాస్టిక్, బంతిలా అణగడు, కాబట్టి అతని బరువంతా కీళ్లలోనే చూపించాలి. పాదాలు పలకకు అతుక్కుని ఉండే ఆకుపచ్చ సైనికుల నడక పట్టుకోవడానికి యానిమేటర్లు తమ బూట్లను చెక్కకు మేకులతో బిగించి నడిచి చూశారు. మూడో భాగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పనితనం బంగాళదుంప బొమ్మది. తన ఒళ్లు అందుబాటులో లేక కళ్లూ చేతులూ కాళ్లూ ఒక టోర్టియా రొట్టెకు గుచ్చుకుంటాడు. రొట్టె వంగిపోతుంది, తూలుతుంది. అయినా అతని చిరాకూ దర్పమూ ఎక్కడికీ పోవు.

తెలుగు సినిమాల్లో సాధారణంగా ముందు షూటింగు, తర్వాత డబ్బింగు. ఇలాంటి యానిమేషన్‌లో వరస తిరగబడుతుంది. స్టోరీబోర్డు గీతలకు తాత్కాలిక గొంతులు, సంగీతం జతచేసి సినిమా మొత్తాన్ని ముందే నడిపి చూస్తారు, నచ్చనివి తీసేస్తారు, మళ్లీ గీస్తారు. తర్వాత నటుల గొంతు రికార్డు చేస్తారు. ఆ గొంతులోని విరామాన్నీ ఊపిరినీ విని యానిమేటర్ ముఖం కదుపుతాడు. మొదటి భాగంలో ఆండీకి గొంతిచ్చిన బాలుడు జాన్ మోరిస్. మూడో భాగానికీ అతన్నే పిలిచారు. ఆండీ ఎదిగాడన్న సంగతి అభినయించాల్సిన పని లేకపోయింది, గొంతే నిజంగా ఎదిగి వచ్చింది.

చెత్త కాల్చే కొలిమి సన్నివేశం గురించి అందరూ చెబుతారు, చెప్పాల్సిందే. బొమ్మలన్నీ మంటల వైపు జారిపోతుంటే, ఇప్పుడేం చేద్దామని కౌగర్ల్ బొమ్మ జెస్సీ అడుగుతుంది. బజ్ జవాబు చెప్పడు, చెయ్యి చాపుతాడు. అక్కణ్నుంచి ఒకరి చెయ్యి ఒకరు అందుకుంటారు. రాండీ న్యూమన్ సంగీతం తప్ప మాటల్లేవు. చూపు ఎటు తిరిగింది, ఏ చెయ్యి ముందు కదిలింది, ఎవరు కళ్లు మూసుకున్నారు అన్నవాటితోనే భయం ఒప్పుకోలుగా మారుతుంది. పెన్సిలు కాలం నాటి విద్య పూర్తిగా ఫలించిన చోటు ఇదే.

కానీ నా దృష్టిలో అంతకన్నా కష్టమైనది చివరి ఘట్టం. ఆండీ తన బొమ్మల్ని బోనీ అనే చిన్నపిల్లకు ఇవ్వడానికి వెళతాడు. ఒక్కొక్కటీ బయటికి తీస్తూ దాని పేరూ గుణమూ చెబుతాడు. పెట్టె అడుగున వుడీ ఉంటాడని అతనికి తెలియదు. బోనీ చెయ్యి చాపగానే ఆండీ వుడీని చటుక్కున వెనక్కి లాక్కుంటాడు. అది ఆలోచించి చేసింది కాదు, పదిహేడేళ్లవాడిలోంచి చిన్నపిల్లవాడు బయటపడ్డాడు. అంతసేపూ వుడీ ముఖంలో రంగు వేసిన చిరునవ్వే, ఇంకేమీ లేదు. అతని మనసులో ఏముందో మనమే నింపుకుంటాం. నటనంతా మనిషి ముఖం మీద పడింది. 1995 నాటి ఆండీ ముఖం ఈ బరువు మోయలేకపోయేది. ఆనాటి సినిమా మనుషుల్ని వీలైనంత తక్కువ చూపించింది. ఈ కథకు ఆండీ ఎంత ఎదగాలో, ఆ విద్యా అంత ఎదగాల్సి వచ్చింది.

2019లో నాలుగో భాగం వచ్చింది. పనితనంలో లోటేమీ లేదు, పాత సామాన్ల దుకాణంలో ధూళి, వెలుతురు అద్భుతంగా ఉంటాయి. కానీ అందులో బోనీ వుడీని అలమరలో వదిలేస్తుంది గనక, ఆండీ అంత కష్టపడి ఇచ్చిన కానుక తేలికైపోయిందని నాకు బాధ. మూడో భాగం దగ్గర ఆగి ఉండాల్సింది. పిల్లలతో కలిసి చూసేవాళ్లు ఆ చివరి ఘట్టాన్ని ఒకసారి శబ్దం తీసేసి ఆండీ చేతుల్ని చూడండి, మరోసారి వుడీ ముఖాన్ని మాత్రమే చూడండి.