ఈ-రీడర్లు: వెలయు, పుట వెడల్పును

2022లో అమెజాన్ సంస్థ అమెరికాలో 6 అంగుళముల కిండిల్‌ను సుమారు 100 డాలర్లకును, 10.2 అంగుళముల కిండిల్ స్క్రైబ్‌ను 340 డాలర్లకును విడుదల చేసినది. చౌకయైనదే చాలునని ఎవరికైనను తోచును. తెలుగు చదువరి మాత్రము కొంత ఆగి చూడవలెను.

తెర తీరులో రెండింటికిని భేదము లేదు. అందు సూక్ష్మమైన గుళికలు, వానిలో విరుద్ధ విద్యుదావేశములుగల తెలుపు, నలుపు రేణువులు ఉండును. విద్యుత్తు ప్రయోగించిన దిక్కునుబట్టి ఒక రంగు పైకి తేలును. తేలిన అక్షరము నిలిచియుండుటకు మరల విద్యుత్తు అక్కరలేదు. పుట మారునపుడే ఖర్చు. అంగుళమునకు 300 చుక్కలుండుటచే 'స్త్రీ'లోని ఒత్తులును స్పష్టముగా కనబడును. (2007నాటి తొలి కిండిల్‌లో ఇవి 167 మాత్రమే, వెల మాత్రము 399 డాలర్లు!)

చిక్కంతయు పుస్తకము ఏ రూపమున నున్నదనుటలో కలదు. ఈపబ్ రూపమున పంక్తులు తెర వెడల్పునుబట్టి సర్దుకొనును, అక్షరమును పెంచుకొనవచ్చును. కోబో యంత్రములు దీనిని నేరుగా చదువును. కిండిల్‌కైతే అమెజాన్ సేవకు పంపి మార్పించుకొనవలెను. ఈ సదుపాయమైనను 2022లోనే వచ్చినది. ఇందు కోబోయే మెరుగు.

అయితే పాత తెలుగు గ్రంథములు పెక్కు పుటలను ఫొటో తీసి కూర్చిన పీడీఎఫ్‌లుగా లభించుచున్నవి. బొమ్మలోని పంక్తి సర్దుకొనదు. 6 అంగుళముల తెర వెడల్పు దాదాపు 9 సెం.మీ. మాత్రమే. 21 సెం.మీ. పుటను అందులో ఇమిడ్చినచో అక్షరము సగముకంటె చిన్నదగును, ఒత్తులు కలిసిపోవును. పాఠశాల గ్రంథాలయమునకు అట్టి చిన్న యంత్రములు మూడింటికంటె పెద్దది ఒక్కటియే ఎక్కువగా పనికివచ్చును.