ఆప్ట్ వెనుక కట్టుబాటు

డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాలు వాడేవాళ్లలో ఎవరిని అడిగినా ఆప్ట్ గురించి మొదట చెప్పేది దాని సులువు. టెర్మినల్ తెరిచి ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్’ అని కొట్టి, పక్కన కావలసిన సాఫ్ట్‌వేర్ పేరు రాస్తే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుంది. మాట నిజమే గానీ, ఆ మెప్పులో సగం చేరవలసినవాళ్లకు చేరడం లేదు. ఆ కమాండు చేత అంత పని చేయించగలుగుతున్నది ప్యాకేజీలు తయారు చేసేవాళ్లు మూడు దశాబ్దాలుగా పాటిస్తూ వచ్చిన కట్టుబాటు. ఉదాహరణకి డెబియన్‌లో ‘ఫాంట్స్-తెలు’ అనే ప్యాకేజీ ఉంది. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే లోహిత్, పోతన, వేమన వంటి తెలుగు ఫాంట్లు సిస్టంలోకి వచ్చేస్తాయి. చిత్రమేమిటంటే ఆ ప్యాకేజీలో ఒక్క అక్షరం ఆకారం కూడా ఉండదు. ఫలానా ప్యాకేజీలు నాకు కావాలి అన్న జాబితా తప్ప దానిలో వేరే సరుకు లేదు. సంబంధాలను ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయడమే ఈ విద్యలో అసలు పని.

1993లో ఇయాన్ మర్డాక్ డెబియన్ మొదలుపెట్టిన రోజుల్లో లినక్స్‌లో ఒక ప్రోగ్రాం పెట్టుకోవాలంటే చాలాసార్లు సోర్సు కోడు దించుకుని, సొంతంగా కంపైల్ చేసి, అది అడిగిన లైబ్రరీలను ఒక్కొక్కటిగా వెతుక్కోవలసి వచ్చేది. డెబియన్ తయారు చేసుకున్న డీప్యాకేజీ అనే పనిముట్టు చేతిలో ఉన్న ప్యాకేజీని విప్పి సర్దగలదు. కావలసిన లైబ్రరీ లేకపోతే లేదని చెప్పి ఆగిపోతుందే తప్ప తెచ్చిపెట్టదు. ఆ లోటు తీర్చడానికి 1998లో ఆప్ట్ వెలువడింది. 1999 మార్చిలో డెబియన్ 2.1తో నలుగురి చేతికీ వచ్చింది.

ప్రతి ప్యాకేజీ వెంటా కంట్రోల్ అనే చిన్న ఫైలు ఉంటుంది. ఏది లేనిదే నడవదో ‘డిపెండ్స్’ వరుసలో, ఏది ఉంటే మేలో ‘రికమెండ్స్’లో, దేనితో పొసగదో ‘కాన్‌ఫ్లిక్ట్స్’లో రాసి ఉంటుంది. వీటిలో తెలివైనది ‘ప్రొవైడ్స్’. ఒక ప్రోగ్రాంకి మెయిల్ పంపే సర్వర్ ఏదో ఒకటి కావాలంటే, ఎగ్జిమ్ ఉన్నా పోస్ట్‌ఫిక్స్ ఉన్నా సరిపోతుంది. రెండూ ఆ పని తమకు వచ్చని ముందే రాసుకున్నాయి. అయితే ఇలాంటి షరతులన్నిటినీ ఒకేసారి తీర్చే కూర్పు ఉందో లేదో తేల్చడం కంప్యూటర్ శాస్త్రంలో ఎన్‌పీ-కంప్లీట్ తరగతికి చెందిన గట్టి సమస్య. 2023లో వచ్చిన డెబియన్ 12లో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. అయినా ఆప్ట్ మామూలుగా క్షణాల్లో జవాబు చెబుతోందంటే, చిక్కుముడులు చాలావరకు ముందే విప్పి పెట్టి ఉంటాయి గనక. కొత్త ప్యాకేజీ, విడుదలకు ముందు పరీక్షించే ‘టెస్టింగ్’ శాఖలోకి వెళ్లాలంటే, దాని రాకతో అక్కడున్న మరొకటి ఇన్‌స్టాల్ కాకుండా పోకూడదన్నది నియమం. మీరు చేత్తో దిద్దుకున్న సెట్టింగుల ఫైలును అప్‌గ్రేడ్ చెప్పాపెట్టకుండా తుడిచేయకూడదన్నది మరొకటి. అందుకే మీది ఉంచాలా, కొత్తది పెట్టాలా అని అది మధ్యలో ఆగి అడుగుతుంది. విసుగు పుట్టించే ప్రశ్నే, కానీ అంత మర్యాద చాలా సాఫ్ట్‌వేర్‌కి ఇప్పటికీ అలవడలేదు. ఇదంతా ఆప్ట్ ప్రోగ్రాం గొప్పే అనుకుందామంటే, బ్రెజిల్‌కి చెందిన కొనెక్టివా దాన్ని రెడ్ హ్యాట్ వాళ్ల ఆర్‌పీఎం ప్యాకేజీలకూ మలిచింది. ఆర్‌పీఎంలోనూ సంబంధాలు రాసే వీలు ఉంది. పేర్లలో పొంతన లేకుండా పది చోట్ల నుంచి తెచ్చిన ప్యాకేజీలను కలిపినప్పుడే వాడేవాళ్లకు నరకం కనిపించేది.

మధ్యలో ప్యాకేజీలు తయారు చేసే ఈ మెయింటెయినర్లు ఎందుకు, రాసినవాడి దగ్గరే నేరుగా తెచ్చుకోవచ్చు కదా అన్నది బలమైన ఆక్షేపణ. దానికి చేతిలో గట్టి సాక్ష్యమే ఉంది. 2006లో ఒక హెచ్చరికను పోగొట్టడానికి ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ప్యాకేజీలో డెబియన్ చేసిన మార్పు వల్ల, క్రిప్టో కీలు ఒక్కో రకానికి దాదాపు 32 వేలకు మించి పుట్టకుండా పోయాయి. 2008 మేలో గానీ ఆ సంగతి బయటపడలేదు. ఇది మూల రచయితల తప్పు కాదు, మధ్యవర్తి తెచ్చిపెట్టిందే. కానీ 2014లో అదే ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు ఏం జరిగిందో కూడా చూడాలి. లైబ్రరీ ప్రతి ఒక్కటే గనక, దాన్ని మార్చి సర్వీసులు మళ్లీ మొదలుపెడితే దాని మీద ఆధారపడినవన్నీ బాగుపడ్డాయి. తమ సొంత ప్రతిని కడుపులో దాచుకున్న ప్రోగ్రాంలను మాత్రం ఒక్కొక్కటిగా వెతకాల్సి వచ్చింది. 2024 మార్చిలో ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ అనే పనిముట్టులో దొంగదారి దొరికినప్పుడు అది డెబియన్ టెస్టింగ్ దాకా వచ్చేసింది, అందరికీ విడుదల చేసే ‘స్టేబుల్’ శాఖలోకి చేరలేదు. దాన్ని పట్టుకున్నది ఈ వ్యవస్థ కాదు. లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందని అనుమానించిన ప్రోగ్రామర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్. ఆయనకు ఆ వ్యవధి దొరకడంలో మాత్రం స్టేబుల్ నిదానానికి వాటా ఉంది.

ఆ నిదానమే రెండో ఆక్షేపణ: స్టేబుల్‌లో దొరికేవి పాత వెర్షన్లు. బ్రౌజర్లూ ఆటలూ కావాలనుకునేవాళ్లకు, శాఖలతో పని లేకుండా కొత్త వెర్షన్లు అందించే ఫ్లాట్‌ప్యాక్ మేలన్నది ఒప్పుకోవలసిందే. సర్వర్ నడిపేవాళ్లకు ఆ పాతదనమే రక్షణ. సెక్యూరిటీ మరమ్మతులు వస్తాయి, ప్రవర్తన మారదు. ఇక, కట్టుబాటు సడలితే పనిముట్టు ఒక్కటే కాపాడలేదనడానికి 2021లో యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్‌కి ఎదురైనది చూడండి. ఉబుంటు ఆధారంగా తయారైన పాప్ ఓఎస్‌లో ఆటల ప్రోగ్రాం స్టీమ్ ఇన్‌స్టాల్ చేయబోతే, ప్యాకేజీల సంబంధాల్లో దొర్లిన పొరపాటు వల్ల డెస్క్‌టాప్ మొత్తం తీసేయడమే మార్గమని ఆప్ట్ లెక్కకట్టింది. ప్రమాదమని హెచ్చరించి, నేను చెప్పినట్టే చెయ్యి అన్న వాక్యం టైపు చేయమంది. ఆయన చేశాడు, డెస్క్‌టాప్ పోయింది. ఆ తర్వాత ఆప్ట్ రూపకర్తలు ఆ వాక్యంతో తలుపు తెరుచుకోకుండా బిగించారు. అసలు పొరపాటును మాత్రం ప్యాకేజీలు చూసుకునేవాళ్లే దిద్దాల్సి వచ్చింది.