పింజ విలువను ఒక్క అంకె తేల్చగలదా?

పత్తిపోగుల గుణములకును నూలు వడుకు పనికిని గల సంబంధమును గూర్చి మన దేశమున నూరేండ్లుగా పరిశోధన సాగుచున్నది. నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా స్థానము 1906లో ఏర్పడినది. బొంబాయిలోని మాటుంగాలో పత్తి సాంకేతిక పరిశోధనాలయము 1924లో వెలసినది. ఈ కృషి గొప్పదే. కాని దాని ఫలితము రైతును చేరునప్పటికి రెండే అంకెలుగా మిగులుచున్నది: పింజ పొడవు, మైక్రోనేరు. మద్దతు ధర పట్టికలో పొడుగు పింజకు 29.5 నుండి 30.5 మిల్లీమీటర్ల పొడవు, 3.5 నుండి 4.3 మైక్రోనేరు ఉండవలెనని గలదు. మొదటి అంకెతో మనకు పేచీ లేదు. రెండవదానిని పరీక్షింతము.

నిర్ణీతమైన తూకముగల దూదిని ఒక గొట్టములో కుక్కి, దాని గుండా గాలిని పంపుదురు. పోగులు సన్ననివైనచో వాటి మొత్తము ఉపరితలము హెచ్చి, గాలి కష్టముగా పోవును, అంకె తగ్గును. అంగుళము పొడవు పోగు ఎన్ని మైక్రోగ్రాములు తూగునో ఈ అంకె సుమారుగా తెలుపునని భావన.

చిక్కు ఇచ్చటనే కలదు. పత్తిపోగు ఒకే ఒక జీవకణము. పూవు విచ్చిన పిమ్మట సుమారు మూడు వారములు అది పొడవు పెరుగును. తరువాత లోపలి గోడపై సెల్యులోజు పొరలు పొరలుగా పేరుకొనును. నీరు చాలకగాని, తెగులు సోకి ఆకు రాలిగాని ఈ రెండవ దశ కుంటుపడినచో గోడ పలుచనై పోగు తేలికయగును. పుట్టుకతో సన్నని పోగును, పక్వము కాని పోగును ఈ పరికరము ఒకే గాట కట్టుచున్నది!

మిల్లులో ఈ రెండింటి నడవడి వేరు. సన్నని పక్వపు పోగులు నూలులో ఎక్కువ సంఖ్యలో ఇమిడి, దానిని గట్టిపరచును. పచ్చి పోగులు కార్డింగు యంత్రములో తెగి, చిక్కుపడి, ఉండలు కట్టును. అద్దకములో రంగు సరిగా అంటక గుడ్డపై తెల్లని చుక్కలై నిలుచును.

జూపాడు బంగ్లా నల్లరేగడిలో రెండు రకముల పత్తి పండినదనుకొందము. రెండును 3.6 చూపినవి. ఒకటి సన్నని జాతి, బాగుగా పండినది. రెండవది ముతక జాతి, ఎండి పక్వము కానిది. ఈ అంకెను బట్టి రెండింటి విలువ ఒకటే. శ్రద్ధగా పండించిన రైతుకు ఇది న్యాయమా?

ఈ పరీక్ష చౌక, క్షణములో ముగియునని సమర్థకులందురు. నిజమే. ఒకే రకమైన పత్తిలో ఈ అంకె పక్వతను చక్కగానే సూచించును. కాని అనేక సంకర రకములు కలిసివచ్చు బజారులో ఆ ఆధారము చెదరిపోవును. కనుక అంకెతోపాటు రకము పేరైనను వ్రాయవలెను. లేదా పక్వతను విడిగా కొలువవలెను.

ఇది అసాధ్యమేమియు కాదు. ఉపాధ్యాయులు తామే జాగ్రత్తగా కొన్ని పోగులను 18 శాతము కాస్టిక్ సోడా ద్రావణములో ఉంచి, సూక్ష్మదర్శినిలో విద్యార్థులకు చూపవచ్చును. పండిన పోగు ఉబ్బి కడ్డీవలె నిలుచును. పచ్చిది రిబ్బనువలె చదునుగా ఉండును. గాలి చెప్పలేని భేదమును కన్ను చెప్పును.